రాత్రి వంట దండగన్న మెసేజీకి జవాబు

మా అపార్ట్‌మెంటు గ్రూపులోకి వచ్చి, అక్కణ్ణుంచి గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా పిన్ని వాళ్ళ గ్రూపుకు వెళ్ళి, మళ్ళీ ఇంకొకరి పేరు మీద నాకే తిరిగొచ్చిన మెసేజీ ఒకటుంది. దాని సారాంశం ఇది. ముగ్గురున్న ఇంట్లో రాత్రి వంటకు 200 రూపాయలవుతుంది, కర్రీ పాయింటులో 100తో తేలిపోతుంది. వండితే గంటన్నర పోతుంది. కూరగాయలు లేనప్పుడు డబ్బాల్లో సరుకులతో పప్పుచారు తప్ప ఏమీ రాదు. రాత్రి పప్పు అరగదు, అందులో బలమూ లేదు. సరుకులు కొని పెట్టుకుంటే పురుగు పడుతుంది. మధ్యాహ్నం అన్నమే రాత్రికి ఉంచుకొని కూర ప్యాకెట్లు తెచ్చుకుంటే ఆడవాళ్ళకు విశ్రాంతి.

కర్రీ పాయింట్ల మీద నాకు కోపం లేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల గదుల్లో పొయ్యి లేకుండా ఉండే పిల్లలకు, ఒంటరిగా ఉండి వండుకోలేని పెద్దవాళ్ళకు అవి అన్నం పెడుతున్నాయి. కానీ ఈ మెసేజీ చదివి, ఇంట్లో కందిపప్పు ఉండి కూడా ‘వండితే నష్టం’ అని నమ్మేవాళ్ళను చూస్తే బాధగా ఉంది. నెలాఖరులో 50 రూపాయలు కూడా లెక్కపెట్టుకునే ఇళ్ళవి.

ముందు ఖర్చు సంగతి. ముగ్గురికి పప్పుచారు, అన్నం, పెరుగు అనుకుందాం. ధరలు సుమారుగా వేస్తున్నాను. కందిపప్పు 100 గ్రాములు, కిలో 150 చొప్పున 15 రూపాయలు. బియ్యం 300 గ్రాములు, కిలో 60 చొప్పున 18. నూనె, పోపు, చింతపండు, ఎండుమిర్చి అన్నీ కలిపి 8. ఇక గ్యాసు. 14.2 కిలోల సిలిండరు 900 అనుకుంటే కిలో 63 పడుతుంది. పెద్ద బర్నరు అరగంట మండితే 100 గ్రాములకు అటూఇటూగా ఖర్చవుతుంది కాబట్టి 7 వేద్దాం. మొత్తం 48. అర లీటరు పెరుగు 40 వేసినా 88 రూపాయలు.

మెసేజీలో 200 ఎలా వచ్చిందో చూడండి. కిలో వంకాయలు, కిలో బెండకాయలు మొత్తం ధరకు కలిపారు. ముగ్గురు ఒక్క రాత్రిలో రెండు కిలోల కూరగాయలు తింటారా? రెండో వైపు ఆ 100 కేవలం రెండు కూర ప్యాకెట్లకే. అన్నం ఇంట్లోనే వండాలి, పెరుగు విడిగా కొనాలి. బియ్యం 18, అన్నానికి గ్యాసు 4, పెరుగు 40 కలిపితే 162. బండి పెట్రోలు నేను కలపలేదు.

గంటన్నర అన్నది ఇంకా తేలిగ్గా తేలిపోతుంది. కూర బయట తెచ్చుకున్నా అన్నానికి కుక్కరు ఎలాగూ పెట్టాలి, మధ్యాహ్నం అన్నం ఎందుకు ఉంచకూడదో కింద చెప్తాను. అదే కుక్కర్లో కింది గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం పెడితే అదనంగా పట్టే సమయం ఎంత? మన అమ్మమ్మల నాటి నుంచి గిన్నెల కుక్కర్లు చేసేది అదే. ఆవిరి ఒత్తిడికి లోపలి వేడి 120 డిగ్రీలకు దగ్గరగా వెళ్తుంది కాబట్టి, కాసేపు నానిన కందిపప్పు నాలుగైదు విజిల్స్‌కు మెత్తబడుతుంది. ఆవిరి దిగేలోపు చింతపండు పిసికి, పోపు వేసుకోవచ్చు. ముప్పై, ముప్పై అయిదు నిమిషాల పని.

పప్పు ఉడకదని విసుక్కునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాట అబద్ధం కాదు. చింతపండో టమాటాలో ముందే పప్పుతో కలిపి పెడితే పులుపు వల్ల గింజ మెత్తబడడం ఆలస్యమవుతుంది. బోరు నీళ్ళు బాగా కఠినంగా ఉన్నా అంతే, నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును గట్టిగానే ఉంచుతాయి. పప్పుకు తాగేనీళ్ళు పోసి, పులుపు ఉడికాక వేయండి. కుక్కరే లేకపోతే పెసరపప్పు ఉంది. అది మామూలు గిన్నెలోనే ఇరవై, పాతిక నిమిషాల్లో ఉడుకుతుంది.

‘డబ్బాల్లో సరుకులతో ఏమీ రాదు’ అన్న మాట దగ్గర నాకు నిజంగా పట్టలేనంత కోపం వచ్చింది. వరి కోసిన మాగాణిలో మిగిలిన పదునుకే మినుములు, పెసలు పండించే కృష్ణా, గుంటూరు డెల్టాలో పుట్టి ఈ మాట ఎలా నమ్ముతాం? ఉప్పిండి చాలు ఉదాహరణకు. బియ్యపురవ్వ ఒక గ్లాసు, గుప్పెడు పెసరపప్పు. మందపాటి గిన్నెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పోపు వేసి, కడిగిన పెసరపప్పు వేసి, రెండు గ్లాసులకు కాస్త పైగా నీళ్ళు పోసి, మరిగాక ఉప్పు, రవ్వ వేసి కలిపి, మూతపెట్టి సెగ తగ్గించాలి. పావుగంటకు పొడిపొడిగా ఉడుకుతుంది, అడుగున ఎర్రటి మాడు కడుతుంది. ఆ మాడు కోసం మా ఇంట్లో పోటీ. పక్కన మాగాయ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

చపాతీలు చేసిన రోజు బొంబాయి చట్నీ. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేగాక, రెండు చెంచాల సెనగపిండిని గ్లాసున్నర నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోసి, పచ్చివాసన పోయి చిక్కబడేదాకా కలుపుతూ ఉంటే పది నిమిషాల్లో అయిపోతుంది. మందపాటి అటుకులు తడిపి, చింతపండు గుజ్జు, వేరుసెనగ గుళ్ళ పోపుతో కలిపితే అటుకుల పులిహోర, దానికి కుక్కరు కూడా వద్దు. ఉల్లిపాయ పులుసులో మూడు గుడ్లు కొట్టి పోస్తే ఆ పూటకు నీచు లోటూ తీరుతుంది. ఆదివారం కందిపొడి కొట్టి సీసాలో పోసుకుంటే, ఒంట్లో ఓపిక లేని రోజున వేడి అన్నం, నెయ్యి, కందిపొడి, చారు. ముద్దపప్పు, ఆవకాయ గురించి మన ఊళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

బలం లేదన్నదానికి లెక్కే జవాబు. కందిపప్పులో 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల ప్రొటీను ఉంటుంది. పైన చెప్పిన భోజనంలో ఒక్కొక్కరికి పప్పు నుంచి 7, బియ్యం నుంచి 7, పెరుగు నుంచి 4 చొప్పున 18 గ్రాములు వస్తాయి. జాతీయ పోషకాహార సంస్థ 2020లో రోజుకు చెప్పింది 65 కిలోల పురుషుడికి 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46. అంటే ఒక్క పూటలో మూడో వంతు, అంతకు మించి. ప్రొటీనులో భాగాలైన అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో దండిగా ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యం ఇస్తుంది. ఆ ప్రొటీను నాణ్యత కూడా తక్కువదేమీ కాదు. ఒక లోటు మాత్రం ఉంది, అది దాచను. రోజూ డబ్బాల వంటే అయితే ఆకుకూరలు, పళ్ళు తగ్గుతాయి. వారానికి రెండుమూడుసార్లు తోటకూరో గోంగూరో పప్పులో పడాలి, చివర్లో నిమ్మకాయ పిండాలి.

అరగదన్న భయానికి కొంత కారణం ఉంది. పప్పుల్లోని కొన్ని చక్కెరలు మన చిన్నపేగుల్లో అరగక పెద్దపేగుకు వెళ్ళి గ్యాసు పుట్టిస్తాయి. నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది. అంతేగాని, మనిషికి ముప్పై గ్రాముల పప్పును రాత్రి విషంగా చూడాల్సిన పనిలేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఈ మెసేజీలో నిజంగా ప్రమాదకరమైన సలహా మధ్యాహ్నం అన్నం ఉంచుకోమనడం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గిన్నె మామూలు వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు తెప్పించే దాని విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మే నెల విజయవాడలో వంటింటి వేడి ఎలా ఉంటుందో మనకు తెలుసు. మిగిలిన అన్నాన్ని గంటలోపు వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రిజ్ లేకపోతే రాత్రికి సరిపడా అన్నం రాత్రే వండండి.

పురుగుల సంగతి రెండు ముక్కల్లో. పుచ్చు ఎక్కువగా పట్టేది పెసలు, అలసందల్లాంటి గుండు గింజలకు. రవ్వను కొనగానే పొడిగా వేయించి, చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. వానాకాలంలో కిలోలు కాకుండా అరకిలోలు కొనండి.

ఆడవాళ్ళకు విశ్రాంతి అన్న మాటకు మాత్రం తల వంచుతాను, ఎందుకంటే ఉద్యోగం నుంచి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళేది మన ఇళ్ళలో ఎక్కువగా వాళ్ళే. కానీ ఆ భారాన్ని దించడానికి ప్యాకెట్టే ఎందుకు? కుక్కర్లో పప్పు, బియ్యం పెట్టడం పదో తరగతి కుర్రాడికి రాని విద్య కాదు. ఎండుమిర్చి, ఇంగువ మాడిపోకుండా ముందు ఆవాలు చిటపటమనేదాకా ఆగాలని ఒకసారి పక్కన నిలబడి చూపిస్తే, చారు పోపు మగవాళ్ళెవరైనా పెట్టగలరు. మా ఇంట్లో సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి పొయ్యి మా ఆయనది. ఆయన ఉప్పిండికి నాకంటే బాగా మాడు కడుతుంది.