లిటిల్ వాల్టర్ పక్కవాద్యగాడట!

సంగీతంలో గొప్పవాళ్లని గౌరవించే అమెరికా సంస్థ ఒకటుంది, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్. వాళ్లు 2008లో లిటిల్ వాల్టర్‌ని తమ జాబితాలో చేర్చుకున్నారు. బ్లూస్ అనే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతంలో హార్మోనికా, అంటే మౌత్ ఆర్గాన్, వాయించినవాడు ఇతను. సంతోషం. కానీ ఏ విభాగంలో చేర్చారో తెలుసా? సైడ్‌మన్. ఇంకొకరి పాట వెనక నిలబడి వాయించేవాళ్ల విభాగం. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఒక్కదాన్నే ముందు పెట్టి కచేరీలు చేసి జనాన్ని కూర్చోబెట్టిన మనిషి. ఆయన్ని పిలిచి 'ఉత్తమ పక్కవాద్యం' అని శాలువా కప్పితే మనం ఊరుకుంటామా?

1952 మేలో షికాగోలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందం రికార్డింగ్‌కి వెళ్లింది. వాల్టర్ అప్పుడు ఆ బృందంలోనే వాయిస్తున్నాడు. అదే రోజు వాల్టర్ పేరు మీద 'జ్యూక్' అనే ముక్క కూడా రికార్డయింది. సాహిత్యం లేదు, గొంతు లేదు, నడిపించేదంతా మౌత్ ఆర్గానే. నల్లజాతి శ్రోతల్లో ఏ పాటలు బాగా ఆడుతున్నాయో చెప్పే బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ చార్టులో ఎనిమిది వారాలు నంబర్ వన్! కుర్రాడికి అప్పుడు 22 ఏళ్లు. 1955లో విల్లీ డిక్సన్ రాసిన 'మై బేబ్' తనే పాడాడు, మళ్లీ నంబర్ వన్. 1952-58 మధ్య అదే చార్టు టాప్ టెన్‌లో అతనివి 14 రికార్డులు. మడ్డీ వాటర్స్ అంటే నాకు ప్రాణం, కానీ ఆయన ఆ చార్టులో ఒక్కసారి కూడా నంబర్ వన్ కాలేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరికి ఎవరు పక్క?

ఇక ఆ వాయించడం గురించి. చేతిలో ఉన్నది పది రంధ్రాల మామూలు హార్మోనికా. మైకుని దానికి ఆనించి రెండింటినీ కలిపి గుప్పిట్లో బిగించేవాడు, ఆంప్లిఫయర్ సౌండు పెంచేవాడు. శబ్దం చిక్కబడి, అంచుల్లో కాస్త చిరిగి, శాక్సాఫోన్‌లా వచ్చేది. 'జ్యూక్'కి A శ్రుతి హార్మోనికా తీసుకుని E శ్రుతిలో వాయించాడు. అలా చేస్తే ముఖ్యమైన స్వరాలన్నీ ఊపిరి లోపలికి పీల్చే వైపు పడతాయి. పీల్చేటప్పుడు నాలుకా గొంతూ సర్దుకుని కింది రంధ్రాల్లో స్వరాన్ని కిందికి జార్చొచ్చు. గమకాలకి అలవాటైన చెవికి ఆ జారుడు ఇట్టే పట్టేస్తుంది. ఈ పద్ధతి అతనికి ముందు నుంచీ ఉన్నదే, మైకు పట్టుకున్నవాళ్లూ వేరే ఉన్నారు. కానీ ఆంప్లిఫయర్ గరగరతో ఇలా రంగులు వేసినవాడు మాత్రం అతనే. ఇవాళ ఏ బ్లూస్ హార్మోనికా విన్నా ఎక్కడో ఒకచోట అతను దొరుకుతాడు.

లూసియానాలో మార్క్స్‌విల్ అనే ఊరు. 1930లో పుట్టాడు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి న్యూ ఆర్లీన్స్, హెలీనా, మెంఫిస్ తిరిగి చివరికి షికాగో మాక్స్‌వెల్ స్ట్రీట్‌లో వీధి పక్కన వాయించాడు. 'జ్యూక్' మోగగానే మడ్డీ బృందం వదిలేసి, జూనియర్ వెల్స్ అనే ఇంకో హార్మోనికా వాద్యకారుడితో వాయిస్తున్న ఏసెస్ అనే బృందాన్ని తన వెంట పెట్టుకున్నాడు. జూనియర్ వెల్స్ వెళ్లి మడ్డీ దగ్గర వాల్టర్ ఖాళీ చేసిన చోట చేరాడు. సినిమాలో పెడితే అతి అంటాం! ఇంత జరిగినా, స్టూడియోలో మడ్డీ రికార్డులకి వాల్టర్ చాలాకాలం వాయిస్తూనే ఉన్నాడు. ఆ సైడ్‌మన్ ముద్ర ఇక్కడి నుంచే వచ్చిందనుకుంటా.

తర్వాత కథ మామూలే. తాగుడు, కోపం, కొట్లాటలు. 1968 ఫిబ్రవరిలో ఒక గొడవలో దెబ్బలు తిని పడుకున్నవాడు నిద్రలోనే పోయాడు. 37 ఏళ్లు. సమాధి మీద పేరున్న రాయి పడింది 1991లో, అదీ అభిమానులు పూనుకుంటే.

"ఏదో ఒక గౌరవం ఇచ్చారుగా, వదిలెయ్" అనేవాళ్లుంటారు. సైడ్‌మన్‌గా కూడా అతను గొప్పవాడే, నేను కాదనను. మడ్డీ పాట 'హూచీ కూచీ మ్యాన్'లో అతని హార్మోనికా తీసేసి ఊహించుకోండి. కానీ కళాకారుల విభాగం అని ఇంకో తలుపు ఉంది, మడ్డీ 1987లోనే దాంట్లోంచి లోపలికి వెళ్లాడు. సొంత పేరు మీద రెండు నంబర్ వన్‌లు ఉన్నవాడిని అదే తలుపులోంచి రానివ్వడానికి ఏం అడ్డొచ్చిందో నాకైతే ఎంత ఆలోచించినా అర్థం కాదు.