అసూయకు యునెస్కో గుర్తింపు

మనవాళ్లు అసూయను అనవసరంగా ఆడిపోసుకుంటారు. ఓర్వలేనితనం కొంప ముంచుతుందని, పక్కవాడి మేడ చూసి ఏడవకూడదని చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి మన ఎదుగుదలకు అడ్డం పడ్డారు. ఇటలీలో టస్కనీ ప్రాంతంలో, కొండమీద ఉన్న సాన్ జిమిన్యానో అనే ఊరు చూసొచ్చాక, ఈ విషయంలో పెద్దలు మనల్ని మోసం చేశారని నాకు రూఢి అయింది. ఆ ఊరిని ఆసాంతం ఓర్వలేనితనంతోనే కట్టారు. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ముందుగా నా అర్హతలు చెప్పుకోవాలి. మా పెద్ద తోడల్లుడు స్విట్జర్లాండ్ వెళ్లొచ్చి, మంచులో చేతులు చాచి దిగిన ఫోటోను ఆరు నెలలు డీపీగా పెట్టుకున్నాడు. అందుకని మేం ఇటలీ వెళ్లాం. ఈ అంశం మీద మాట్లాడడానికి ఇంతకన్నా అర్హత ఏం కావాలి?

పోజ్జిబోన్సీలో రైలు దిగి బస్సెక్కాం. ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరిగే రోడ్డు. ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి కొండ నెత్తిన రాతి టవర్లు కనిపించాయి, ఒకదాన్ని ఒకటి తోసుకుంటున్నట్టు.

"ఇంత కొండమీద ఇన్ని అపార్ట్‌మెంట్లు ఎవరు కొంటారండీ?" అంది మా ఆవిడ.

ఎవరూ కొనలేదు. ఎవరికి వాళ్లే కట్టుకున్నారు. 13వ శతాబ్దంలో, రోమ్‌కు యాత్రికులు నడిచివెళ్లే దారి మీద ఉండటం వల్ల ఆ ఊరికి డబ్బొచ్చింది. కుంకుమపువ్వు వ్యాపారం కూడా బాగా సాగింది. ఒక దశలో ఊరి అప్పులు సైతం కుంకుమపువ్వుతో తీర్చారట. డబ్బొచ్చాక ఏం చేస్తాం? పక్కవాడి కంట్లో పడేలా ఏదో ఒకటి కడతాం. ఈ చివర నుంచి ఆ చివరకు పావుగంట నడక కూడా లేని ఊళ్లో డెబ్బై రెండు టవర్లు లేచాయి.

వాటిలో సుఖంగా బతికారా అంటే, ఆ ప్రశ్నే తప్పు. గోడలు మనిషి పొడవంత మందం, లోపల గది మాత్రం మంచం వేస్తే మనిషి నిలబడటానికి చోటు చాలనంత. నిప్పు భయంతో వంటగది పై అంతస్తులో. అంటే బిందెడు నీళ్లు, మోపెడు కట్టెలు రోజూ నిచ్చెనల మీద పైకి మోయాలి. మోసినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. కట్టించినవాళ్ల పేర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి: పోపు పక్షం ఆర్డింగెల్లి వంశం, చక్రవర్తి పక్షం సాల్వుచ్చి వంశం. రెండు కుటుంబాలూ తరతరాలు కొట్టుకున్నాయి. ఎదురెదురుగా నిలబడి తిట్టుకోవడానికి కూడా ఎత్తు కావాలి కదా.

చివరికి 1255లో ఊరి పాలకులు విసిగిపోయి ఒక చట్టం చేశారు. పాలకుడు ఉండే భవనం మీది రొన్యోసా టవర్ ఎత్తు సుమారు 51 మీటర్లు. దాన్ని మించి ఎవరూ కట్టకూడదు. ఈ చట్టానికి సాల్వుచ్చి కుటుంబం ఇచ్చిన జవాబును ఊళ్లో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. ఒక్కటి ఎత్తుగా కట్టకూడదన్నారు, రెండు కట్టకూడదని అనలేదు కదా! పక్కపక్కనే కవలల్లాంటి రెండు టవర్లు లేపారు. రూల్‌లో సందు వెతికే ఈ కళ మనదే అనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఆ గర్వం అక్కడ అణిగింది. ఇక చట్టం చేసిన పాలకులే 1311 నాటికి 54 మీటర్ల గ్రోస్సా టవర్ పూర్తి చేసుకున్నారు. వాళ్ల రూల్ వాళ్లకు వర్తించదు. ఇది మాత్రం చూడగానే ఇంటికొచ్చినట్టు అనిపించింది.

ఆ టవర్ కిందున్న సభామందిరానికి 1300 ప్రాంతంలో కవి దాంతే వచ్చాడు. కవిత్వం చదవడానికి కాదు, ఫ్లోరెన్స్ తరఫున దూతగా, పోపు పక్షం కూటమిలో చేరమని ఒప్పించడానికి. ఆ హాలును ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇదే ఊరి పేరున్న వెర్నాచ్చా వైన్ ఆయన కావ్యంలోకీ ఎక్కింది. వైన్లో ఊరిన చేపలు తెగ తిన్న పాపానికి ఒక పోపుగారు ఆ కావ్యంలో ఉపవాసం చేస్తుంటాడు.

ఇంత ఘనమైన పోటీ ఎలా ఆగింది? 1348లో ప్లేగు వచ్చింది. ఊరు సగానికి పైగా ఖాళీ అయింది. 1353లో మిగిలినవాళ్లు ఫ్లోరెన్స్‌కు తలవంచారు. ఆ తర్వాత కొత్తది కట్టడానికి డబ్బు లేదు, పాతది పడగొట్టి మార్చుకోవడానికీ లేదు. ఫ్లోరెన్స్ లాంటి డబ్బున్న ఊళ్లు తమ టవర్లను నరికి పొట్టి చేసి, వాటి మీద కొత్త మేడలు కట్టుకున్నాయి. దివాలా తీసిన సాన్ జిమిన్యానోలో మాత్రం ఓ పద్నాలుగు మిగిలాయి. ఇప్పుడు వాటిని చూడటానికే ప్రపంచమంతా బస్సుల్లో వస్తోంది. పరిరక్షణ శాఖలు చేయలేని పని పేదరికం పైసా జీతం లేకుండా చేసి పెట్టింది.

చెప్పకపోతే అన్యాయమవుతుంది, ఊళ్లో ఒక మంచి బావి ఉంది. పేరు చిస్టెర్నా, 1273 నాటిది. దాని రాతి ఒర మీద, వందల ఏళ్లు చేదతాళ్లు ఒరుసుకున్న చోట్ల, వేలు పట్టేంత గాడులు పడ్డాయి. మా ఆవిడ ఒక గాడిలో బొటనవేలు పెట్టి కాసేపు అలాగే కూర్చుంది. "మా అమ్మమ్మ వాళ్ల బావి కూడా ఇంతేనండీ," అంది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా బావికి వీపు పెట్టి ఐస్‌క్రీం తింటూ టవర్లకు ఫోటోలు తీస్తున్నారు. బావి ఎంత లోతున్నా ఎవడికి కావాలి? లోతుతో పక్కవాడిని ఏడిపించలేం.

గ్రోస్సా టవర్ ఎక్కాను. ఇనుప మెట్లు, ఆఖర్న నిలువు నిచ్చెన. మోకాళ్లు నన్ను శపిస్తున్నాయి. పైన గాలి, చుట్టూ ఆలివ్ తోటలు, దూరంగా కొండలు. ఆ అందాన్ని ఎంతసేపు చూశానో చెప్పలేను, ఎందుకంటే వెంటనే తోడల్లుడికి వీడియో కాల్ చేశాను.

"అన్నయ్యా, చూడండి! 700 ఏళ్ల నాటి టవర్."

"బాగుంది తమ్ముడూ. ఎంత ఎత్తేంటి?"

"54 మీటర్లు."

ఆయన టీ గుటకేసి, గ్లాసు కింద పెట్టి, "చిన్నప్పుడు స్కూలు టూర్‌లో కుతుబ్ మీనార్ ఎక్కాను. అప్పట్లో లోపలికి పోనిచ్చేవాళ్లులే. అది 73," అన్నాడు.

నాకు ఒక్క క్షణం మాట పడిపోయింది. తర్వాత నెమ్మదిగా ఫోన్‌ను అటు తిప్పి, కింద పక్కపక్కనే నిలబడ్డ సాల్వుచ్చి వాళ్ల టవర్లు చూపించాను.

"ఇక్కడ రెండున్నాయి, అన్నయ్యా."