వాన ముంచుకు రాకముందు: చక్రాల డబ్బాకూ ట్రాలీ డ్రమ్ములకూ మధ్య వాదోపవాదం

తిరుపతిలో ఎమ్మార్ పల్లి వైపు ఒక వీధివారు, ఈశాన్య ఋతుపవనాలు దిగేలోపే, అత్యవసర సామాన్లు సర్ది ఉంచుకొని అవసరమైనప్పుడు లాక్కుపోగలిగే గట్టి పెట్టెలను కింది అంతస్తుల ఇళ్ళ కోసం కొనాలని తీర్మానించుకున్నారు. 2021 నవంబరులో ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడి, కపిలతీర్థం దగ్గర నీళ్ళు ఉరకలెత్తి, దిగువన కాలనీలకు కాలనీలు నీళ్ళలో నిలిచిన రోజులను ఎవరూ మరచిపోలేదు కనుక కొనాలా వద్దా అన్న చర్చ లేదు. ఏది కొనాలన్నదే చర్చ. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు నడిపే తమ్ముడు, పురపాలక సంఘాలు వాడే తరహా 120 లీటర్ల చక్రాల డబ్బాను కొత్తది కొనాలన్నారు. స్టాఫ్ నర్సుగా పదవీ విరమణ చేసిన అక్క, మూతకు ఇనుప రింగు బిగించే చిన్న డ్రమ్ములను కొని రెండు చక్రాల ట్రాలీకి కట్టుకోవాలన్నారు. ఇద్దరి వాదనలనూ రాసిపెట్టే పని నాకు అప్పగించారు. ఒకటి రెండు చోట్ల ఊరుకోలేక నా మాట కూడా చేర్చాను.

తమ్ముడు: అక్కా, మనిద్దరికీ పేచీ లేని విషయాన్ని ముందు తేల్చేద్దాం. ఇంట్లో ఉన్న ట్రాలీ సూట్‌కేసే చాలని కొందరంటున్నారు. దాని చక్రం వ్యాసం రెండు అంగుళాలు. ఏ చక్రమైనా తన వ్యాసార్ధాన్ని మించిన అడ్డును దానంతట అది ఎక్కలేదు; అంటే అంగుళం మించిన రాయి గానీ, కాలువ మీది బండల సందు గానీ, సిమెంటు రోడ్డు అంచు గానీ దాన్ని నిలబెట్టేస్తుంది. నున్నటి గచ్చు కోసం చేసిన వస్తువును వాన వెలిసిన మన వీధిలో లాగితే పిడి చేతికి వస్తుంది, పెట్టె అక్కడే ఉంటుంది.

అక్క: ఒప్పుకున్నాను. ట్రంకు పెట్టెకు చక్రాలు వేయించుకుందామన్నవారికి కూడా నా జవాబు అదే. ఖాళీ పెట్టే బరువు, పైగా అడుగు తుప్పు పడుతుంది. ఇక నీ డబ్బా సంగతి చెప్పు.

తమ్ముడు: నా డబ్బా బలమంతా కింద ఉంది. చక్రం వ్యాసం 200 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు. రెండు చక్రాలనూ కలుపుతూ ఒకే ఉక్కు కడ్డీ ఇరుసుగా ఉంటుంది. పైన ఉన్నది గట్టి రబ్బరు, గాలి టైరు కాదు. ఈ చివరి మాటను మీరంతా గమనించాలి. రోజూ తిరిగే బండికి గాలి టైరు మంచిదే, కుదుపు తగ్గిస్తుంది. ఏడాదిలో పదకొండు నెలలు మెట్ల కింద మూలన కూర్చునే వస్తువుకు గాలి టైరు పెడితే, అవసరమైన రాత్రి అది గాలి దిగి నేలకు అంటుకొని ఉంటుంది, పంపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అలాగే పిడి కూడా డబ్బాతో పాటు పోత పోసినదే. సూట్‌కేసు పిడిలాగా సాగేదీ ముడుచుకునేదీ కాదు. విరగడానికి అందులో ఏముంది? లోపల సర్దడం, మూత వేయడం, వెనక్కి వంచి లాగడం, ఇంతే పని.

అక్క: బియ్యం, పసిపిల్లల పాలపొడి చెత్తడబ్బాలో పెట్టమంటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒప్పుకుంటారా అన్న ప్రశ్న ఉంది. కొత్తదే అంటావు, కాబట్టి ఆ మాట వదిలేస్తాను. నా అభ్యంతరం బరువు గురించి. ప్రాణం నిలవడానికి తాగేందుకూ తిండికీ మనిషికి రోజుకు రెండున్నర నుంచి మూడు లీటర్ల నీళ్ళు కావాలని, విపత్తు సహాయంలో అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతున్నాయి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు మూడేసి లీటర్ల లెక్కన 36 లీటర్లు. నీళ్ళు లీటరుకు కేజీ, కనుక 36 కేజీలు. ఇటువంటి 120 లీటర్ల డబ్బాలకు ఐరోపా ప్రమాణం అనుమతించే బరువు 48 కేజీలు. నీళ్ళు పోగా మిగిలినది పన్నెండు కేజీలు. అందులో బియ్యం, పప్పు, అటుకులు, చిన్న స్టవ్వు, దుప్పట్లు, మందులు, టార్చి, ఇంటి కాగితాలు, ముసలివాళ్ళకు కావలసినవి, అన్నీ పట్టాలి. డబ్బాలో చోటు మిగులుతుంది, మోసే శక్తి మిగలదు. చోటుంది కదా అని జనం నింపేస్తారు, ఇరుసు దగ్గర ప్లాస్టిక్కు చీలుతుంది.

తమ్ముడు: అలాగైతే 240 లీటర్లది తీసుకుందాం. దానికి 96 కేజీల దాకా అనుమతి ఉంది.

అక్క: దాన్ని లాగేది ఎవరు? నువ్వు ఆటోనగర్‌లో ఉంటావు. వాన పడే వేళకు ఇంట్లో ఉండేది నేనూ, పక్కింటి అవ్వా, బడినుంచి వచ్చిన పిల్లలూ. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు ముప్పై కేజీలుంటుంది. నువ్వు చెప్పే పెద్ద డబ్బా నిండితే అలాంటివి మూడింటికి పైన. సమతలం మీద చక్రం బరువును మరిపిస్తుందని నాకూ తెలుసు. కానీ మన ఊరు సమతలం కాదు. శేషాచలం పాదం దగ్గర ఎత్తుగా మొదలై స్వర్ణముఖి వైపు వాలుతుంది. వరద నీరు ఏ దిక్కునుంచి వస్తుందో మెరక నేల ఆ దిక్కునే ఉంటుంది. ఎదురెక్కుతూ లాగాలి.

(ఇక్కడ నా మాట ఒకటి. ఈ వాదం మొత్తంలో నన్ను పట్టి నిలిపిన ముక్క ఇదే. పెట్టెలు అమ్మేవాళ్ళు ఎన్ని కేజీలు పడుతుందో చెబుతారు. ఎవరు, ఏ వాలు మీద లాగుతారో కొనేవాళ్ళే చూసుకోవాలి.)

తమ్ముడు: సరే, మీ డ్రమ్ములనూ చూద్దాం. నీలి డ్రమ్ములని మీరు ముచ్చటపడుతున్నారు. పాత సామాన్ల కొట్లలో చవగ్గా దొరికేవి చాలావరకు రసాయనాలు మోసినవే. ఎన్నిసార్లు కడిగినా ఆ ప్లాస్టిక్కు పీల్చుకున్నది పూర్తిగా పోదు. నర్సుగా పనిచేసిన మీరే అందులో మంచినీళ్ళు పోస్తానంటే ఎలా?

అక్క: పోయనుగాక పోయను. అడుగున ముక్కోణంలో 2 అంకె ఉంటే చాలు, మంచి డ్రమ్మే అంటారు కొట్లలో. ఆ అంకె ప్లాస్టిక్కు ఏ రకానిదో చెబుతుంది, నిన్నటిదాకా అందులో ఏముందో చెప్పదు. ఆహార పదార్థాలకు తగినదని రాసి ఉన్న కొత్త డ్రమ్మే కొనాలి, పాతది ఉచితంగా ఇచ్చినా వద్దు. నాకు కావలసినది యాభై లీటర్లలోపు డ్రమ్ము, వెడల్పు నోరు, మూత అంచున రబ్బరు వాషరు, దాని మీద లీవరు తిప్పి బిగించే ఇనుప రింగు. నీ డబ్బా మూత వెనక కీలు మీద వాలి ఉంటుంది తప్ప బిగుసుకోదు. వాన జల్లు ఆగుతుందేమో గానీ, డబ్బా పక్కకు ఒరిగిన క్షణాన లోపల బురదే. కొనేముందు నా పరీక్ష ఒకటే. లోపల ఎండు వార్తాపత్రిక, నాలుగు ఇటుకలు వేసి, మూత బిగించి, నీళ్ళ తొట్టిలో పడుకోబెట్టి, గంట తరువాత తెరిచి చూడాలి. కాగితం అంచు తడిస్తే ఆ డ్రమ్ము వెనక్కి ఇచ్చేయాలి.

తమ్ముడు: పరీక్ష బాగుంది. అయితే మీ డ్రమ్ము తేలుతుంది, ఆ సంగతి ఆలోచించారా? శ్రీకృష్ణ నగర్‌లో 2021 నవంబరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వరలతో కట్టిన సంపును ఒకామె లోపలికి దిగి శుభ్రం చేస్తుంటే, సంపు సంపంతా నేలలోంచి పైకి లేచి నిలబడింది. చుట్టూ భూమి నీళ్ళతో నిండిపోయి, లోపల ఖాళీ అయ్యేసరికి సిమెంటు వరలే తేలాయి. ఇరవై కేజీల డ్రమ్ము ఒక లెక్కా? మెట్ల కింద పెట్టినది తెల్లారేసరికి రైల్వే గేటు దగ్గర ఉంటుంది.

అక్క: నీ డబ్బా మాత్రం నిలుస్తుందా? సామానుతో కలిపి యాభై ఎనిమిది కేజీలనుకో. అది యాభై ఎనిమిది లీటర్ల నీటిని పక్కకు నెట్టగానే నేల విడుస్తుంది. అడుగు, అడుగున్నర లోతుకే కదలడం మొదలుపెట్టి, కింది భాగం సన్నగా ఉంటుంది కాబట్టి పై బరువుతో ఒరిగిపోతుంది. ఏది కొన్నా తాడు కట్టాల్సిందే. తేడా ఏమిటంటే, మూత బిగిసిన డ్రమ్ము తేలి ఆగిన చోట పొడి బియ్యంతో దొరుకుతుంది.

తమ్ముడు: అది నిజమే. కానీ చీకట్లో, వానలో, కరెంటు లేనప్పుడు డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి పేర్చి ట్రాలీకి బెల్టులు బిగించేది ఎవరు? బెల్టు ఒకటి కనిపించదు, ఇంకొకదాని బకిలు పట్టేసి ఉంటుంది. మీరు డ్రమ్ములతో కుస్తీ పడుతుండగా డబ్బావాడు జంక్షను చేరిపోతాడు. ఉన్నది ఉన్నట్టుగా వంచి లాక్కుపోవడంలో ఉన్న సుఖం మీ పద్ధతిలో లేదు.

అక్క: అందుకే డ్రమ్ములు ట్రాలీ మీదే కట్టి ఉంటాయి, విడిగా అటక మీద కాదు. నువ్వు జంక్షను చేరిన తరువాతి సంగతి చెప్పు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు కట్ట కింది పల్లెలను ఖాళీ చేయించారు కదా. అలాంటప్పుడు మనల్ని ఎక్కించుకునేది ట్రాక్టరో, ఆటోనో, ఎవరిదో టెంపోనో. అక్కడ చక్రాల పని అయిపోతుంది, ఎత్తే పని మొదలవుతుంది. యాభై ఎనిమిది కేజీల డబ్బాను ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తడానికి పట్టుకునే చోటేదీ? వెనక ఒక పిడి, అంతే. నా డ్రమ్ములు ఇరవయ్యేసి కేజీలు, రెండు పక్కలా పిడులు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకదాని వెంట ఒకటి అందిస్తారు. మెట్లకు కూడా ఇదే మాట. మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది, నీ చక్రం వ్యాసార్ధం నాలుగు. నీ లెక్క ప్రకారమే అది ఎక్కదు, ఎత్తి వేయాలి.

(తమ్ముడు కాసేపు సమాధానం వెతుక్కున్నారు. ఈ ఘట్టంలో అక్క పక్షమే బలంగా ఉందని నా అభిప్రాయం. వాకిలినుంచి రోడ్డు దాకా ర్యాంపు ఉండి, మెరక దగ్గరలోనే ఉన్న ఇంటికి, ఒంటరిగా ఉండే మనిషికి డబ్బానే సులువని కూడా అనుకుంటున్నాను. మా వీధిలో అలాంటి ఇళ్ళు అరుదు.)

తమ్ముడు: ఎత్తే విషయంలో మీ మాటే నిలబడింది. చక్రాల విషయంలో మాత్రం నేను తగ్గను. బజారులో దొరికే ట్రాలీలకు ఎక్కువగా గాలి టైర్లే, కొన్నింటికి బాల్ బేరింగులు. బురద నీళ్ళు తాగిన బేరింగు ఎండిన తరువాత బిగుసుకుంటుంది. ట్రాలీ చట్రం మీరు కొనండి. ఎనిమిది అంగుళాల గట్టి రబ్బరు చక్రాలు, బేరింగులకు బదులు నైలాన్ బుష్షులు నేను వేస్తాను. కింది పలక కూడా నాలుగు అంగుళాలు పొడిగించాలి, లేకపోతే డ్రమ్ము సగం గాలిలో ఉంటుంది.

అక్క: వేసుకో. పలక అంచు గుండ్రంగా రుద్దు, చీకట్లో కాలికి తగిలితే చీరుకుపోతుంది. నా షరతులు కూడా విను. నీళ్ళు డ్రమ్ములో పోయడం లేదు. రెండు చిన్న క్యాన్లలో విడిగా, ట్రాలీలో అన్నిటికన్నా కింద, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. ఏ క్యానూ ఇరవై కేజీలు మించకూడదు. క్లోరిన్ బిళ్ళలు డ్రమ్ములో ఉంటాయి. ట్రాలీని మేడ మీద ఎండలో పెట్టేవాళ్ళకు నేను మందులు సర్దను. ఎండాకాలంలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, మూసిన డ్రమ్ములో ఇంకా ఎక్కువ. ఇన్సులిన్‌ను డ్రమ్ములో ముందే పెట్టనే కూడదు. ఫ్రిజ్ తలుపు మీద చీటీ అంటించి, బయలుదేరేటప్పుడు చివరగా తీసుకోవాలి.

తమ్ముడు: పారే నీళ్ళలో దీన్ని లాగవచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు.

అక్క: లాగకూడదు. మోకాటి లోతు ప్రవాహం మనిషినే పడదోస్తుంది. నీళ్ళు వీధి మలుపు దగ్గర ఉండగానే కదలాలి, ఆలస్యమైతే ట్రాలీని వదిలి మేడ ఎక్కాలి. అప్పుడు కూడా డ్రమ్ములు విడివిడిగా ఉన్నందుకే ఒకటైనా పైకి వస్తుంది.

తమ్ముడు: తాడు కట్టడానికి మెట్ల రెయిలింగుకు కొక్కేలు నేను వెల్డింగ్ చేస్తాను. నేలకు దగ్గరగా అయితే నీళ్ళలో ముడి కనిపించదు. ఛాతీ ఎత్తున పెడతాను.

అక్క: ముడి వద్దు, తడిస్తే బిగుసుకుంటుంది. ఒక చేత్తో విప్పగలిగే క్లిప్పు పెట్టు. ముందు ఒకే ట్రాలీ చేయి. నిండా సర్ది మా పక్కింటి అవ్వ చేత వీధి చివరి మెరక దాకా లాగిద్దాం. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ డ్రమ్ము తెరిచి ఏం తీసేయాలో చూసుకుందాం. మిగిలిన ట్రాలీలకు డబ్బు ఆ తరువాతే కడదాం.