ఇండెంట్ ప్రకారం సరుకు అందినది

ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టోర్స్ సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. అందుకే ఎవరైనా ఒక వస్తువును చూపించి ‘ఇది పనికిరాదు’ అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. పనికొచ్చిందా లేదా అని చూడటం మా సెక్షన్ పని కాదు. సరుకు కావాలని పెట్టిన ఇండెంట్‌లో రాసిందే వచ్చిందా, రాసినన్ని వచ్చాయా, స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కాయా? ఈ మూడూ సరిపోతే ఆ వస్తువు ఉత్తమమైనది. సంతకం పెట్టి టీకి వెళ్లొచ్చు.

మొన్న మా మనవడు ఫోన్‌లో రెండో ప్రపంచ యుద్ధం వీడియోలు చూస్తూ, “తాతయ్యా, ఇది ప్రపంచంలోకెల్లా చెత్త విమానాల్లో ఒకటంట” అని ఒక బొమ్మ చూపించాడు. బ్రిటన్ వాళ్ల తేలికపాటి బాంబర్, ఫెయిరీ బ్యాటిల్. సన్నటి ముక్కు, వీపు మీద పొడుగాటి అద్దాల గూడు, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. పేరుకు యుద్ధం, పంపితే తిరిగి రాదు అని వాడి నవ్వు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు అన్న సామెత మనవాళ్లు ఇలాంటి వాటి గురించే అన్నారు గానీ, పిల్లలకు ఫైలు మొదటి పేజీ నుంచి చదివే ఓపిక ఉండదు. నేను చదివాను. చదివాక ఈ విమానం మీద మోపిన అభియోగాలన్నీ నిరాధారమని తేలింది. అందుకే ఈ వివరణ.

ముందు ఇండెంట్ సంగతి. 1933లో బ్రిటన్ వైమానిక మంత్రిత్వ శాఖ పి.27/32 అనే నంబరుతో స్పెసిఫికేషన్ జారీ చేసింది. హాకర్ హార్ట్ అనే బాంబర్‌కు బదులు కొత్త ఒంటి ఇంజను బాంబర్ కావాలి. 1,000 పౌండ్ల బాంబులు మొయ్యాలి, 1,000 మైళ్లు ఎగరాలి, గంటకు 200 మైళ్ల వేగం ఉండాలి. అంకెలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడండి. ఇంత గుండ్రటి అంకెలు కనిపిస్తే, రాసినాయన ఆ సాయంత్రం తొందరగా ఇంటికి వెళ్లాడని మా సెక్షన్‌లో చెప్పుకునేవాళ్లం.

ఇంత చిన్న బాంబర్ ఎందుకంటే, అప్పుడు జెనీవాలో నిరాయుధీకరణ సభ నడుస్తోంది. బాంబర్ల బరువు ఇంతకు మించకూడదని దేశాలన్నీ ఒప్పుకుంటే, ఆ కొలతకు సరిపడేది ఒకటి చేతిలో ఉండాలని ముందుచూపు. ఆ ఏడాది అక్టోబరులోనే జర్మనీ సభ నుంచి లేచి వెళ్లిపోయింది. మరుసటి ఏడాదికి సభే చతికిలబడింది. ఇండెంట్ మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరో సభలోంచి లేచిపోయారని ఇక్కడ ఇండెంట్లు మార్చుకుంటూ కూర్చుంటే ఆఫీసులు నడుస్తాయా?

ఫెయిరీ కంపెనీలో మార్సెల్ లోబెల్ అనే బెల్జియం డిజైనర్ కాగితం మీద రాసింది రాసినట్టు గీసి పెట్టాడు. మొదటి విమానం 1936 మార్చి 10న గాల్లోకి లేచింది. దానికి 155 విమానాల ఆర్డరు 1935లోనే వెళ్లిపోయింది. పెళ్లిచూపులు కాకముందే శుభలేఖలు అచ్చేశారన్నమాట. దీన్ని తప్పుపట్టేవాళ్లకు ఆర్థిక సంవత్సరం అంటే ఏమిటో తెలియదు.

ఇంజను గురించి కూడా చెప్పాలి. బ్యాటిల్ ముక్కులో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్. పేరుమోసిన ఫైటర్ విమానాలు స్పిట్‌ఫైర్‌లో, హరికేన్‌లో ఉన్నదీ అదే. నిజానికి మెర్లిన్‌ను వాటికన్నా ముందు పెట్టుకుని, 1937లో సర్వీసులో చేరింది బ్యాటిలే. ఇంత పెద్ద గౌరవం గురించి ఆ వీడియోలో ఒక్క ముక్క లేదు. కాకపోతే స్పిట్‌ఫైర్‌లో ఆ ఇంజను లాగాల్సింది ఒక్క మనిషిని. బ్యాటిల్‌లో ముగ్గురు మనుషుల్ని, వెయ్యి పౌండ్ల బాంబుల్ని, 54 అడుగుల రెక్కల్ని లాగాలి. అన్నీ కలిపి దాదాపు 10,800 పౌండ్లు. దాంతో వేగం స్పిట్‌ఫైర్ కన్నా గంటకు వంద మైళ్లు తగ్గింది. ఒకే ఇంజనుకు ఒకచోట బుల్లెట్ బండి తొడిగారు, ఇంకోచోట షేర్ ఆటో. అయినా ఇండెంట్‌లో అడిగిన వేగం 200. ఇది 250 దాకా వెళ్లేది. అడిగిన దానికన్నా ఎక్కువే ఇచ్చారు. శత్రువు విమానం ఎంత వేగంతో వస్తుందన్నది ఇండెంట్‌లో కాలమ్ కాదు.

లోపల మనుషుల ఏర్పాటు కూడా వివరంగా చెబుతాను. ముందు పైలట్. బాంబు వేసే వేళకు రెండో అతను పైలట్ సీటు కిందికి పాక్కుంటూ వెళ్లి, బోర్లా పడుకుని, నేలలో పలక జరిపి, ఆ కంతలోంచి కిందికి చూసి గురి పెట్టాలి. మూడో అతను అద్దాల గూడు చివర్న, తోకవైపు తిరిగి, ఒక్క మెషిన్‌గన్ పట్టుకుని కూర్చోవాలి. రేడియో కూడా అతనే చూసుకోవాలి. ముందుకు కాల్చడానికి కుడి రెక్కలో ఇంకో మెషిన్‌గన్. అంతే, మొత్తం రెండు. మూడో అతనికి విమానం ఎటు వెళ్తోందో కనపడదు, ఎటు నుంచి వచ్చిందో మాత్రం బాగా కనపడుతుంది. ఇతన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో ఇతని ఫైలు వస్తుంది.

యుద్ధం రాకముందే, 1938 నాటికే, ఇది వెనకబడిన సరుకని పైవాళ్లకు తెలుసు. తెలిసీ ఎందుకు తయారుచేస్తూ పోయారని మనవడి ప్రశ్న. ఒరే నాయనా, ఫ్యాక్టరీలు పెట్టారు. కార్లు చేసుకునే ఆస్టిన్ కంపెనీని బతిమాలి లాంగ్‌బ్రిడ్జ్‌లో విమానాల పనికి దింపారు. పనివాళ్లు చేరారు, వాళ్ల చెయ్యి తిరిగింది. వేరే మోడల్ తయారుగా లేదు. ఆపితే పనివాళ్లు పోతారు, పైగా మన దగ్గర ఇన్ని విమానాలున్నాయని జర్మనీకి చూపించే లెక్క తగ్గిపోతుంది. కాబట్టి చేస్తూనే పోయారు. బ్రిటన్‌లో తయారైనవి మొత్తం 2,185. మా ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన మూడేళ్లకు టైప్‌రైటర్ రిబ్బన్లు నాలుగు పెట్టెలు దిగాయి. ఎప్పుడో పెట్టిన ఇండెంట్. నేనే లెక్కపెట్టి, రిజిస్టర్‌లో ఎక్కించి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్క రిబ్బన్ కూడా తగ్గలేదు. అప్పుడు కలిగిన తృప్తి ఎలాంటిదో ఆ 2,185 లెక్కపెట్టినాయనకే అర్థమవుతుంది.

‘ఇది కాకపోతే ఇంకేమీ లేదు’ అన్న వాదన బ్రిటన్ వాళ్లకు కొత్తేమీ కాదు. 1917లో డీహెచ్.9 అనే బాంబర్ తెచ్చారు. కొత్త ఇంజను అనుకున్న బలం ఇవ్వలేదు, దాంతో అది తనకన్నా పాతదైన డీహెచ్.4 కంటే తీసికట్టుగా తయారైంది. ఫ్రాన్స్‌లో ఉన్న సేనాపతి ట్రెంచార్డ్, వచ్చే ఏడాది ఇప్పటికన్నా నాసిరకం వాటితో యుద్ధం చెయ్యమంటారా అని మండిపడ్డాడు. ఉంటే ఇది ఉంటుంది, లేకపోతే ఏదీ ఉండదు అని జవాబొచ్చింది. మా సెక్షన్ గోడ మీద పటం కట్టి పెట్టుకోదగ్గ జవాబు. తర్వాత అమెరికా లిబర్టీ ఇంజను పెట్టి దాన్ని బాగుచేసి డీహెచ్.9ఏ అన్నారు. ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది. ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా ఆ విమానాలకు డబ్బిచ్చింది మన నిజాం. అతుకుల షేర్వాణీ వేసుకుని పొదుపు చేసేవాడని పేరున్న మనిషి, బాంబర్ల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తియ్యలేదు. అందుకే 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరొచ్చింది. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కి, బెర్లిన్, పోలండ్ తిరిగి, ఇప్పుడు లండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. నిజాం గారి కానుక అని దాని ఒంటి మీద ఇప్పటికీ రాసి ఉంటుంది. మన గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాసినట్టు.

సరే, బ్యాటిల్ దగ్గరికి వద్దాం. 1939 సెప్టెంబరు 2న పది స్క్వాడ్రన్లు ఫ్రాన్స్‌లో దిగాయి. సెప్టెంబరు 20న ఒక బ్యాటిల్ వెనక సీటు గన్నర్ జర్మన్ల మెస్సర్‌ష్మిట్ ఫైటర్‌ను కొట్టాడు. ఆ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ ఖాతాలో పడిన మొదటి విమానం అదే. కేవలం పది రోజుల తర్వాత ఐదు బ్యాటిళ్లు గస్తీకి వెళ్తే నాలుగు కూలాయి, ఐదోది దిగేటప్పుడు పాడైపోయింది. విమర్శకులు ఈ రెండో సంగతే పట్టుకుంటారు. నేను మొదటిదాన్నే పట్టుకుంటాను. ఉద్యోగి పనితీరు మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే పద్ధతి అదే.

1940 మే 10న జర్మన్లు కదిలారు. ఆ రోజు లక్సెంబర్గ్ దారుల మీద సైన్యాన్ని కొట్టడానికి 32 బ్యాటిళ్లు వెళ్తే 13 పోయాయి. వచ్చినవాటిలో దెబ్బ తగలనిది లేదు. మర్నాడు 8 వెళ్తే 7 పోయాయి. 14న ఫ్రాన్స్‌లో సెడాన్ దగ్గర వంతెనల మీదికి 63 వెళ్తే 35 పోయాయి. స్టోర్స్ భాషలో దీన్ని ‘వినియోగం’ అంటాం. రెండు వేలకు పైగా చేసి షెడ్డులో పెట్టుకుంటే స్టాక్ కదలడం లేదని ఆడిట్ వాళ్లు రాస్తారు, ఐదు రోజుల్లో ఇంత కదిలితే నష్టమని చరిత్రకారులు రాస్తారు. ఎవరి మెప్పు కోసం పనిచెయ్యాలి మనిషి?

ఆ తర్వాత పగలు మాని ఎక్కువగా రాత్రిళ్లు పంపడం మొదలుపెట్టారు. రెండు వారాల్లో 200 పైచిలుకు సార్లు ఎగిరితే పోయింది ఒక్కటే. ఎంత మంచి ఫలితం! కాకపోతే చీకట్లో శత్రువుకు విమానం కనపడనట్టే విమానానికి శత్రువు కూడా కనపడలేదు. గడియారం చూసి, ఈపాటికి వచ్చేసి ఉంటామని అంచనా వేసుకుని బాంబులు వదిలిన సందర్భాలున్నాయి. ఉభయులకూ క్షేమం.

నడపడానికి మాత్రం బ్యాటిల్ చాలా మంచిదట. మొండికెయ్యదు, ఉలిక్కిపడదు. అందుకే కొత్త ఇంజన్లు పరీక్షించడానికి దాన్నే వాడారు. కెనడాకు, ఆస్ట్రేలియాకు వందల సంఖ్యలో పంపి కుర్రాళ్లకు పాఠాలు చెప్పించారు. కొన్నిటికి పసుపు రంగు మీద నల్ల చారలు వేసి, వెనక తాడుకు గుడ్డ కట్టి గాల్లో లాక్కెళ్లమన్నారు. నేర్చుకునే గన్నర్లు ఆ గుడ్డను కాల్చాలి. ఫ్రాన్స్‌లో చేసిన ఉద్యోగమే, తాడొక్కటి అదనం. ఆస్టిన్ ఫ్యాక్టరీలో తయారీ మాత్రం వెంటనే ఆగలేదు. సెడాన్ జరిగాక కూడా నెలల తరబడి కొత్తవి వస్తూనే ఉన్నాయి. సరుకు అందినది, సంతకం.

ఫైలు కట్టేసే ముందు ఒక్క కాగితం మిగిలింది.

హాలండ్‌లోని మాస్ట్రిక్ట్ దగ్గర ఆల్బర్ట్ కాలువ మీది వంతెనలు శుక్రవారం పొద్దున్నే జర్మన్ల చేతికి చిక్కాయి. వాటిని కూల్చమని 12వ స్క్వాడ్రన్‌ను పంపింది ఆదివారం, మే 12న. వెళ్తామని అందరూ ముందుకొచ్చారు. చివరికి ఎగిరినవి ఐదు, ఒక వంతెనకు మూడు, ఇంకోదానికి రెండు. ఒక్కటీ స్థావరానికి తిరిగి రాలేదు. పట్టుబడిన వాళ్లతో ఒక జర్మన్ అధికారి అన్నాడట: మీకు పిచ్చా? వంతెన మేం శుక్రవారం పట్టుకున్నాం. చుట్టూ ఫిరంగులు పెట్టుకోవడానికి శుక్ర, శని రెండు రోజులు మాకు వదిలేశారు. అన్నీ సిద్ధమయ్యాక ఆదివారం మూడు విమానాలేసుకుని వచ్చారు. ఫైలు రెండు రోజుల్లో పై నుంచి కిందికి రావడం ఎంత వేగమో అతనికేం తెలుసు? మా దగ్గర అయితే దానికి నంబరు కూడా పడి ఉండదు.

ముందు వెళ్లిన విమానం డోనాల్డ్ గార్లాండ్‌ది. వయసు 21. రెండో అతను సార్జెంట్ థామస్ గ్రే. వాళ్ల బాంబులకు వంతెన ఒక కొస కొంత దెబ్బతింది. విమానం కూలింది, అందులో ఉన్నవాళ్లందరూ చనిపోయారు. నెల తిరగ్గానే, జూన్ 11న, గార్లాండ్‌కు, గ్రేకు బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌కు వచ్చిన మొదటి రెండు అవే.

విమానంలో ఉన్నది ముగ్గురు. తోకవైపు తిరిగి కూర్చున్నవాడి పేరు లారెన్స్ రేనాల్డ్స్. హోదా లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్‌మన్, ముగ్గురిలో అందరికన్నా కిందిది. అతనికి ఏ పతకమూ రాలేదు. పైలట్ నడిపాడు, సార్జెంట్ దారి చూపాడు, వెనక సీటువాడు నిర్ణయం తీసుకునే స్థానంలో లేడు కదా అన్నది దీనికి చెప్పే కారణం. ఇందులో నాకు తప్పేమీ కనపడలేదు. నాలుగుసార్లు చదివాను.

ముగ్గురినీ బెల్జియంలో హెవర్లీ సైనిక శ్మశానంలో పూడ్చిపెట్టారు. విక్టోరియా క్రాస్ వచ్చిన వాళ్ల రాళ్ల మీద ఆ పతకం గుర్తు చెక్కుతారు. రాళ్ల కొలతకు వేరే స్పెసిఫికేషన్ ఉంది, హోదాతో పనిలేదు, అందరికీ ఒకటే. ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు అడుగున్నరకు మూడంగుళాలు తక్కువ. రేనాల్డ్స్‌కూ అదే కొలత.