నోబెల్ కమిటీకి బరంపురం నుంచి కొన్ని సూచనలు

ఏటా అక్టోబరులో స్వీడన్ వాళ్లు నోబెల్ బహుమతులు ప్రకటిస్తారు. అన్నేళ్లుగా ఇస్తున్నారు గానీ సన్మానం చేయడం వాళ్లకు ఇంకా పట్టుబడలేదు. ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరట. ఎవరి పేరు వాళ్లు పంపుకోకూడదట. ఎవరు ఎవరి పేరు పంపారో 50 ఏళ్లపాటు బయటపెట్టరట. ఒడిశాలోని మా బరంపురంలో పాతికమందిని ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద గౌరవించి, పైగా రాత్రి భోజనాల వేళకు ఇంటికి పంపించగల సంఘాలున్నాయి. అర్హులు బయోడేటా, రెండు ఫొటోలు తామే తెచ్చిస్తారు. శాలువా ఖర్చు కూడా పెట్టుకునే పెద్దమనసు ఉన్నవాళ్లను ముందు వరసలో పిలుస్తాం. ఇక రహస్యం సంగతంటారా, కార్యవర్గ సమావేశం ముగిసేలోపే పేర్లన్నీ టీ కొట్టుకు చేరతాయి.

శాలువా కప్పడంలో ఉన్న మెళకువలు స్టాక్‌హోమ్ వాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాలి. కవరు చింపకూడదు, మెల్లగా విప్పాలి. ఎందుకంటే శాలువా మళ్లీ అందులోకే వెళ్లాలి, ఆ తర్వాత ఇంకో సభకు వెళ్లాలి. ధర చీటీని గోటితో గీకేయాలి. ముఖ్య అతిథి కప్పగానే ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకొక్కసారి" అంటాడు. తీసి మళ్లీ కప్పుతారు. ఈసారి కౌన్సిలర్‌గారు ఫ్రేములో పడలేదని తేలుతుంది. మూడోసారి. ఇంత జరుగుతున్నా, ఇంతకీ ఈయన కనిపెట్టిందేమిటని అడిగి సభామర్యాద తప్పినవాడు నాకింతవరకు తారసపడలేదు. అక్కడ రాజుగారేమో డిసెంబరు 10న పతకం చేతిలో పెట్టి, కరచాలనం చేసి ఊరుకుంటారు.

చనిపోయినవాళ్లకు నోబెల్ ఇవ్వరు. మనం ముఖ్యంగా వాళ్లకే ఇస్తాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో అన్నేసి మందుల మీద పనిచేసి, నోబెల్ రాకుండానే 1948లో పోయారు. మనమేం తొందరపడలేదు. 1995లో తపాలా బిళ్ల వేశాం.

నాకు అసలు కోపమంతా మా పచ్చళ్ల వ్యాపారుల మీద. కడుపులో పుండుకు కారణం టెన్షన్, కారం అని డాక్టర్లతో సహా లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, కాదు, ఒక బాక్టీరియా అని ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ మొత్తుకున్నారు. ఎవరూ చెవిన పెట్టలేదు. విసిగిపోయిన మార్షల్ 1984లో ఆ బాక్టీరియా పెంచిన ద్రవాన్ని తానే గ్లాసెత్తి తాగేశాడు. కొద్దిరోజుల్లోనే వాంతులు, కడుపులో వాపు. ఆ ఇద్దరికీ నోబెల్ రావడానికి 2005 దాకా పట్టింది. అంటే మన పచ్చడి మీద తరతరాలుగా ఉన్న అభాండాన్ని తన కడుపు పణంగా పెట్టి కొట్టేయించిన మనిషి! అప్పడాలు, పచ్చళ్లతో పేరు తెచ్చుకున్న ఈ ఊరి నుంచి ఆయనకు కిలో మాగాయ అయినా పార్సిల్ వెళ్లిందా? మా పెదనాన్నది ఇంకో రకం పరిశోధన. అల్సర్‌కు యాంటీబయాటిక్ రాసిచ్చిన డాక్టరుకు ఏమీ తెలియదని తేల్చి, ఆవకాయ మానేసి, వేరే డాక్టరు దగ్గరకు వెళ్లాడు.

కొవిడ్ టీకాలకు దారి వేసిన శాస్త్రవేత్త కటలిన్ కారికో కథ తెలిసిందే. ఎంఆర్‌ఎన్‌ఏ అనే జన్యు సందేశపు అణువును పట్టుకుని వేలాడుతోందని 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆవిడ హోదా తగ్గించారు. తర్వాత జెరాక్స్ మెషీన్ దగ్గర తోటి శాస్త్రవేత్త డ్రూ వైస్‌మన్ పరిచయమయ్యాడు, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆవిడ మా ఊళ్లో ఉండి ఉంటే 1995లో మేమూ ఏమీ చేసి ఉండేవాళ్లం కాదు. 2023లో మాత్రం రైల్వే స్టేషన్ నుంచి బ్యాండుమేళంతో తీసుకొచ్చేవాళ్లం.

ఇగ్ నోబెల్ అని ఇంకొకటుంది. ముందు నవ్వించి, ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇస్తారు. కుర్రకారు ముక్కులో వేలు పెట్టుకునే అలవాటును అధ్యయనం చేసి, బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ డాక్టర్లిద్దరు 2001లో దాన్ని గెలిచారు. ఆ సభలో ఎవరైనా ప్రసంగం సాగదీస్తే ఎనిమిదేళ్ల పాప వచ్చి "దయచేసి ఆపండి, నాకు బోరు కొడుతోంది" అని వరసపెట్టి అంటుంది. మన దగ్గరా ఇది పెడదామని సంఘంలో ఒక కుర్రవాడు ప్రతిపాదించాడు. తిరస్కరించాం. మా స్వాగతోపన్యాసంలో వేదిక నలంకరించిన పెద్దల పేర్లు పూర్తయ్యేసరికి ఆ పాపకు తొమ్మిదేళ్లు నిండుతాయి.

ఇక సరిహద్దు పేచీ. మా పిల్లాడు పరీక్ష తప్పితే ఇచ్ఛాపురం అవతల ఆంధ్రలో "ఒడిశావాడు" అంటారు, భువనేశ్వర్‌లో "తెలుగువాడు" అంటారు. గెలిస్తే ఇద్దరికీ సొంత మనవడే. ఇక్కడే పుట్టిన వి.వి.గిరిగారు రాష్ట్రపతి అయ్యారు గనక ఆయనతో ఏ ఇబ్బందీ రాలేదు, రెండు వైపులా చుట్టాలే.

మా వీధిలో ఒక కుర్రాడు రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా అరుగుల మీది పెద్దలు "ఇంకా చదువేనా నాయనా? బ్యాంకు పరీక్ష రాయకపోయావా?" అని పలకరిస్తారు. రేపు వాడికి నోబెల్ వస్తే ఆంధ్రవాళ్ల శాలువా పైన ఉండాలా, ఒడిశావాళ్లది పైన ఉండాలా అన్నదాని మీద మొన్నటి సమావేశంలో మూడు గంటలు చర్చించి, ఇద్దరివీ పక్కపక్కన, చెరో భుజం మీద కప్పాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. వాడికి ఆర్నెల్లుగా స్కాలర్‌షిప్ రావడం లేదని వాళ్లమ్మ చెప్పబోయింది గానీ, అది ఎజెండాలో లేదు.