చిల్లర ఉందా అని అడిగిన బెంగళూరు

2025 జూలైలో ఒక ఉదయం, బెంగళూరు మారతహళ్లిలో రోజూ టీ తాగే కొట్టు దగ్గర అలవాటుగా ఫోను బయటికి తీశాను. గాజు అలమరా మీద క్యూఆర్ కోడ్ లేదు. స్టిక్కర్ పీకేసిన చోట జిగురు చారలు మిగిలాయి. డబ్బు పడగానే పైకి పలికే డబ్బా కూడా కనబడలేదు. "అన్నా, చిల్లర ఉందా?" అని అడిగాడు మదనపల్లె నుంచి వచ్చి ఆ కొట్టు నడుపుకుంటున్న ఆయన.

ఆ వారమంతా మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నవ్వులే. ఐటీ నగరంలో మళ్లీ నోట్లు లెక్కపెట్టుకునే రోజులొచ్చాయని కొందరు, పన్ను దొంగలు దొరికారని కొందరు. ఆ రెండో మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగారా అని నాకు బాధ కలిగింది.

జరిగింది ఇదీ. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి నాలుగేళ్ల యూపీఐ వివరాలు తెప్పించుకుని, జీఎస్టీ కట్టాలంటూ వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షల రూపాయలకు నోటీసు వచ్చింది. ఆయన ఖాతాలోకి నాలుగేళ్లలో 1.63 కోట్లు వచ్చాయన్నది అధికారుల లెక్క. తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు!

సరుకులు అమ్మేవారు ఏడాదికి 40 లక్షల అమ్మకాలు దాటితే జీఎస్టీ కింద రిజిస్టర్ చేసుకోవాలి. అంటే రోజుకు దాదాపు 11 వేలు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు అమ్మే కొట్టుకు అది పెద్ద వ్యాపారమేమీ కాదు, మిగిలేది అందులో ఏ కొంచెమో. పైగా యూపీఐ చెప్పేది డబ్బు వచ్చిందని మాత్రమే. అది పాలు అమ్మిన సొమ్మా, సిగరెట్లు అమ్మిన సొమ్మా, బావమరిది తిరిగి ఇచ్చిన చేబదులా అన్నది దానికి తెలియదు. ఖాతాలో పడిన ప్రతి రూపాయినీ అమ్మకం కింద రాసేసి, కాదని నువ్వే నిరూపించుకో అంటే, బిల్లు పుస్తకమే లేని మనిషి నాలుగేళ్ల కిందటి లెక్క ఎక్కడి నుంచి తెస్తాడు?

పన్ను పరిధిలోకి వచ్చేవారు కట్టాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఈ కోడ్ పెట్టుకోమని వాళ్లను బతిమాలింది ఎవరు? 2020లో పీఎం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు రుణాలిచ్చి, డిజిటల్ చెల్లింపులు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ కూడా ఇచ్చింది కేంద్ర ప్రభుత్వమే. 40 లక్షల గీత గురించి కూడా అప్పుడే, వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి ఉండవలసింది. బెంగళూరు తోపుడు బండ్ల దగ్గర కన్నడంతో పాటు తెలుగు, తమిళం, హిందీ వినబడతాయి. పన్ను నోటీసు చేతికి వస్తే వీళ్లలో చాలామంది దాన్ని పట్టుకుని చదివిపెట్టేవారి కోసం వెతుక్కోవలసిందే.

వ్యాపారులు జూలై 25న బంద్‌కు సిద్ధమయ్యాక, 23న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వాళ్లతో మాట్లాడి, రిజిస్టర్ చేసుకుంటే పాత బకాయిలు వసూలు చేయబోమన్నారు. బంద్ ఆగింది.

కొన్నాళ్లకు మా టీ కొట్టులో కోడ్ మళ్లీ వచ్చింది. ఈసారి అలమరా లోపలి వైపు అతికించాడు, అడిగినవారికే చూపిస్తున్నాడు. గల్లా పెట్టె పక్కన కొత్తగా ఒక నోటుబుక్కు కనబడింది. పాలు, పంచదార, గ్యాసు సిలిండరు అంటూ ఎనిమిదో తరగతి చదివే కూతురి చేత రాయిస్తున్నాడు.