బోరు నీళ్లలోని యూరియా ఎవరి లెక్కలో ఉంది?

టమాటా రైతు యూరియా ఎక్కువ వేస్తున్నాడని ప్రతి వ్యవసాయ సభలోనూ అంటారు. ధరలు చూస్తే అందులో వింతేమీ లేదు. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50, నత్రజని, భాస్వరం రెండూ ఉండే డీఏపీ 50 కిలోల బస్తా రూ.1,350. అయితే బస్తాలు తగ్గించమనేవాళ్లు మోటారు ఎన్ని గంటలు ఆడుతోందని మాత్రం అడగరు. మదనపల్లె, అంగళ్లు, ములకలచెరువు వైపు తేలికపాటి ఎర్ర నేలల్లో యూరియా ఇచ్చే నత్రజని (నైట్రోజన్) ఎంత నిలుస్తుందో, ఎంత పోతుందో తేలేది ఎక్కువగా నీళ్లు వదిలే వాల్వు దగ్గరే.

కరిగిన యూరియా నీరు ఎటు పోతే అటు పోతుంది. వేడి నేలలో రెండు మూడు రోజుల్లో అది అమ్మోనియంగా మారి మట్టి రేణువులను అంటుకుంటుంది. మరో వారం పది రోజుల్లో నేలలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు. యూరియా గుళికలకు పూసే వేప నూనె ఈ మార్పును కాస్త ఆలస్యం చేస్తుంది గానీ ఆపదు. నైట్రేట్ అయ్యాక పడే ప్రతి అదనపు తడీ దాన్ని వేర్ల కిందికి తోస్తుంది.

డ్రిప్ ఉన్న తోటలో ఇది జరగదనుకుంటే పొరపాటే. మొక్కల వరుస వెంట పరిచే సన్నని (లేటరల్) పైపుల మధ్య 1.2 మీటర్లు, వాటి మీద చుక్కలుగా నీరు వదిలే డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు సుమారు 8,400 డ్రిప్పర్లు వస్తాయి. గంటకు 2 లీటర్లవైతే గంటలో దాదాపు 17,000 లీటర్లు పడతాయి, అంటే ఎకరమంతా 4.2 మి.మీ. వాన కురిసినట్టే. బోరు అంత పోయకపోతే తోటను రెండు వాల్వులుగా విడగొడతారు. ఒక్కో వాల్వు కింది నేలకు లెక్క మాత్రం అదే. కాపు మీదున్న టమాటాకు కాలాన్ని బట్టి రోజుకు 4 నుంచి 6 మి.మీ. చాలు, అంటే గంట, గంటన్నర. కరెంటు రాగానే మోటారు తనంతట ఆడేలా ఆటో స్టార్టర్ పెట్టి కరెంటు ఉన్నంతసేపూ వదిలేస్తే మూడు గంటల్లో 12 మి.మీ. దాటుతుంది. మరుసటి రోజు డ్రిప్పర్ పక్కన పారతో తవ్వి చూస్తే విషయం తెలిసిపోతుంది. డ్రిప్ కింద టమాటా వేర్లలో ఎక్కువ భాగం పై 30 సెంటీమీటర్లలోనే ఉంటాయి. తడి 45 సెంటీమీటర్లు దాటి దిగిందంటే నైట్రేట్ కూడా దిగినట్టే.

ఇక్కడి నుంచే అసలు చిక్కు మొదలవుతుంది. నత్రజని కడిగిపోయి, వేర్లకు గాలాడక ఆకు పాలిపోతుంది. దాన్ని ఎరువు చాలకపోవడంగా చూసి ఇంకో బస్తా చల్లుతారు. ఆపైన రెండు రోజులు నీళ్లు ఆపితే నత్రజని ఒక్కసారిగా అందుతుంది. చెట్టు గుబురుగా పెరుగుతుంది, పూత రాలుతుంది, లేత ఆకు మీదికి తెల్లదోమ చేరి ఆకుముడత తెస్తుంది. ఆరబెట్టి ఒక్కసారిగా తడిపితే కాయ పగులుతుంది. తడి హెచ్చుతగ్గులకు అమ్మోనియం కూడా ఎక్కువైతే కాయకు కాల్షియం సరిగా అందక అడుగు నల్లబడి కుళ్లుతుంది. దీనికి మందు కొట్టి లాభం లేదు.

హైబ్రిడ్ టమాటాకు ఎకరాకు 80 కిలోల నత్రజని అనుకుందాం. దుక్కిలో వేసే ఒక డీఏపీ బస్తాతోనే 9 కిలోలు వచ్చేస్తాయి. నాటిన పదో రోజు నుంచి మూడు వారాలు వారానికి 3 కిలోలు (యూరియా ఆరున్నర కిలోలు), పూత మొదలైనప్పటి నుంచి ఏడు వారాలు వారానికి 7 కిలోలు (యూరియా 15 కిలోలు), చివరి నాలుగు వారాలు వారానికి 3 కిలోల పైచిలుకు. ఏ వారంది ఆ వారమే ఇవ్వాలి. వారం వంతును రెండుసార్లుగా ఇస్తే ఇంకా మేలు.

కరిగిన ఎరువును డ్రిప్ నీటిలోకి లాగే వెంచురీతో దాన్ని ఎప్పుడు ఎక్కించామన్నదీ ముఖ్యమే. గంట తడి అనుకుంటే మొదటి 20 నిమిషాలు ఉత్త నీరు, తర్వాత 25 నిమిషాలు ఎరువు, చివరి 15 నిమిషాలు పైపులు కడగడానికి మళ్లీ ఉత్త నీరు. మొదట్లోనే ఎరువు ఎక్కించి ఆపైన రెండు గంటలు నీళ్లు వదలడం పెట్టిన డబ్బును పాతాళానికి పంపడమే. కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్, ఫాస్ఫేట్ ఎరువులతో ఒకే తొట్టిలో కలిపితే గడ్డకట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. మామూలు డీఏపీ కరిగించి పంపినా మడ్డి మిగిలి అదే గతి.

ఇక కిందికి పోయిన నైట్రేట్ సంగతి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 వార్షిక నివేదిక ప్రకారం తెలంగాణ భూగర్భ జల నమూనాల్లో 27 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్ నమూనాల్లో 23 శాతానికి పైగా లీటరుకు 45 మి.గ్రా. నైట్రేట్ అనే తాగునీటి పరిమితిని దాటాయి. ఇదంతా ఎరువు నుంచే రాలేదు, మురుగునీరూ పెంటకుప్పలూ కారణమే. ఎక్కడి నుంచి వచ్చినా మొక్కకు అది నత్రజనే. లెక్క సులువు: లీటరుకు ఎన్ని మి.గ్రా. నైట్రేట్ ఉందో ఆ అంకెను 44తో భాగిస్తే, లక్ష లీటర్ల నీటిలో ఎన్ని కిలోల నత్రజని ఉందో వస్తుంది. 90 మి.గ్రా. ఉన్న బోరు నుంచి పంటకాలంలో ఎకరాకు 10 లక్షల లీటర్లు పెడితే 20 కిలోలు, అంటే దాదాపు ఒక యూరియా బస్తా. అందులో సగాన్నైనా లెక్కలోకి తీసుకుని పూత, కాపు వారాల వంతులో తగ్గించవచ్చు. ఒక జాగ్రత్త: కొన్ని ల్యాబులు నైట్రేట్‌ను కాకుండా నైట్రేట్-నత్రజనిని రాస్తాయి. అప్పుడు 10తో భాగించాలి. ఈ తేడా చూడకపోతే లెక్క నాలుగు రెట్లకు పైగా తప్పుతుంది.

2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి, సాగునీటి నైట్రేట్ వాటిలో లేదు. కొత్త పథకమేదీ అక్కర్లేదు, మట్టి నమూనాతో పాటు అర లీటరు బోరు నీరు కూడా తీసుకుని కార్డులో ఒక గడి పెంచితే చాలు. ఆలోగా రైతే ఏడాదికి రెండుసార్లు, వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, శుభ్రమైన సీసాలో నీరు పట్టి అదే రోజు ల్యాబుకు ఇవ్వాలి. మోటారు పది నిమిషాలు ఆడాకే పట్టాలి. పైపులో నిలిచిన నీటితో వచ్చే అంకెను నమ్మి బస్తా తగ్గించకూడదు.